అత్తమ్మ ఫైలులో నాలుగో పేజీ

(నల్లగొండలో ఒక ఆదివారం రిటైర్డ్ ఉద్యోగులు, వాళ్ల ఇంటివాళ్ల కోసం పెట్టుకున్న ఆరోగ్య సదస్సులో మాట్లాడిన మాటలు. ఫోన్ రికార్డింగు విని రాసింది, మాట తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

నమస్తే అందరికీ. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతుందా? వినబడకపోతే చేతులెత్తండి. ఎవరూ ఎత్తలేదు, అంటే వినబడుతున్నట్టా, ఈ ప్రశ్న కూడా వినబడనట్టా? (నవ్వులు)

నాకంటే ముందు గుండె డాక్టరు గారు మాట్లాడారు, చప్పట్లు బాగా పడ్డాయి. గుండె అంటే అందరికీ గౌరవం. నాది పేగు, అందులోనూ పేగు చివరన ఉండే సరుకు. నేను మైక్రోబయాలజిస్టును. మీరు డబ్బాలో పట్టి పంపే మూత్రం, కళ్లె, రక్తం, దొడ్డికి అంటే మలం, వీటిలో ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని చూసి రాసిచ్చేదాన్ని. ముప్పై ఏళ్లకు పైగా అదే పని చేశాను. రోగుల మొహాలు నాకు తెలియవు, డబ్బా మీద నంబర్లు తెలుసు. దొడ్డికి అనే మాట ఈ గంటలో చాలాసార్లు వస్తుంది, ముందే చెబుతున్నా, సిగ్గుపడితే నా ప్రసంగం నడవదు. భోజనం ముందు పెట్టిన తప్పు నాది కాదు, నిర్వాహకులది.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అత్తమ్మకు 78 ఏళ్లప్పుడు బాత్రూములో జారిపడి తుంటి విరిగింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించాం. 19 రోజులు ఉంది, అందులో 6 రోజులు ఐసీయూలో, మధ్యలో న్యుమోనియా వచ్చిందని రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ ఎక్కించారు, యూరిన్ పైపు పెట్టారు, ముక్కులో నుంచి పైపు పెట్టారు, అన్నీ అయ్యాయి. చివరికి వాకర్ పట్టుకొని నాలుగడుగులు వేసింది, డిశ్చార్జ్ చేశారు, కారు చిట్యాల దాటంగనే "ఇగ మన ఊరి గాలి తగిలింది, బతికిన" అన్నది. మేమంతా సంబరపడ్డాం. ఇంటికొచ్చాక బాగానే తిన్నది, జొన్న రొట్టె అడిగింది, మనవరాలి మీద అరిచింది. అంటే కోలుకున్నట్టే కదా.

నెల తర్వాత చలిజ్వరం. మూత్రం మంట. ఇక్కడే నల్లగొండలో ఒక ఆస్పత్రిలో చేర్పించాం. అక్కడ ఒక కుర్ర డాక్టరు, మంచి పిల్లవాడు, మొదట అడిగిన మాట ఇదే: "ఇంతకుముందు ఎక్కడైనా అడ్మిట్ అయ్యారా అంకుల్, కాగితాలు తెచ్చారా?" మా ఆయన "అవి తుంటి ఆపరేషన్ కాగితాలు బాబూ, దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేనేం మాట్లాడలేదు. ఎందుకంటే నాకూ సంబంధం లేదనే అనిపించింది. ఆ పిల్లవాడు మూత్రం కల్చర్‌కు, అంటే అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్షకు పంపి, మామూలుగా ఇలాంటి కేసుకు ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ సూది మొదలుపెట్టాడు. ఒకరోజు తగ్గలేదు, రెండో రోజు తగ్గలేదు, మూడో రోజుకు బీపీ పడిపోయింది, మనిషి మాట తడబడింది. అప్పుడు కల్చర్ రిపోర్టు వచ్చింది. క్లెబ్సియెల్లా న్యుమోనియే, అదొక బ్యాక్టీరియా పేరు. మందుల పేర్ల ఎదురుగా వరసగా ఆర్, ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందును ఆ క్రిమి లెక్కచేయదని. ఎస్ అంటే పనిచేస్తుందని. మా అత్తమ్మ రిపోర్టులో ఎస్‌లు రెండే ఉన్నాయి.

మందు మార్చారు, కిడ్నీల మీద కన్నేసి ఉంచి ఇచ్చారు, దేవుడి దయ, బతికింది. ఆ రాత్రి ఇంటికొచ్చి హైదరాబాద్ ఫైలు తీశాను. బిల్లుల మధ్యన, నాలుగో పేజీ, స్టేపుల్ కొట్టి ఉంది: రెక్టల్ స్వాబ్, కార్బపెనెమ్ రెసిస్టెంట్ క్లెబ్సియెల్లా. అంటే ఐసీయూలో ఉన్నప్పుడు మలద్వారం దగ్గర దూదిపుల్లతో నమూనా తీసి పరీక్ష చేశారు, కార్బపెనెమ్ అనే పెద్ద యాంటీబయాటిక్స్‌కు కూడా లొంగని క్లెబ్సియెల్లా ఆమె పేగులో ఉందని తేలింది, రిపోర్టు వచ్చింది, ఫైల్లో పెట్టారు. డిశ్చార్జ్ సమ్మరీలో ఒక్క ముక్క రాయలేదు, మాకు ఒక్క మాట చెప్పలేదు. వాళ్లను తిట్టుకున్నాను, కానీ ఎంతసేపు తిడతాను? అలాంటి రిపోర్టులు ముప్పై ఏళ్లు చేతులతో రాసిన దాన్ని నేను, ఇంట్లో ఉన్న ఆ ఫైలు తెరిచి చూడలేదు. ఆ నాలుగో పేజీ మొదటి రోజే ఆ పిల్లవాడి చేతిలో పెట్టి ఉంటే మూడు రోజులు కలిసొచ్చేవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పేగులో ఆ క్రిమి ఉంటే మరి నెల రోజులు ఆమెకు ఏమీ కాలేదెందుకు? మనుషులకు ఇది అర్థం కావడం కష్టం, డాక్టర్లకు కూడా అప్పుడప్పుడు కష్టమే. ఒంట్లో క్రిమి ఉండడం వేరు, రోగం రావడం వేరు. మన ఒంట్లో ఉన్న బ్యాక్టీరియాను లెక్కగడితే సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో ఇజ్రాయెల్ వాళ్లు లెక్కవేశారు, మన కణాలు ఎన్నో ఇంచుమించు అవీ అన్నే, అందులో దాదాపు అన్నీ పెద్దపేగులోనే. అవి మన కాపురస్తులు. వాటి మధ్యన ఈ మొండి క్లెబ్సియెల్లా కూడా ఒక మూలన నక్కి ఉంటుంది, ఎవరికీ చెడు చేయదు, జ్వరం రాదు, మోషన్స్ కావు, రక్తపరీక్షలో తెలియదు. దీన్ని మేము కాలనైజేషన్ అంటాం, తెలుగులో తిష్ట వేయడం అనుకోండి. పేగులో ఉన్నంతసేపు పరవాలేదు. పక్కనే మూత్రనాళం ఉంటుంది కదా, ముసలివాళ్లకు డైపర్ ఉంటుంది, పైపు ఉంటుంది, అక్కడి నుంచి ఇక్కడికి నాలుగు వేళ్ల దూరం. అలా మూత్రంలోకి పోతే మూత్రంలో ఇన్ఫెక్షన్, మింగుడు సరిగా లేక గొంతులోకి చేరి ఊపిరితిత్తిలోకి జారితే న్యుమోనియా, పేగు గోడ బలహీనపడితే రక్తంలోకి. క్రిమి ఒకటే, తలుపులు వేరు.

క్లెబ్సియెల్లాను నేను కళ్లతో గుర్తుపట్టేదాన్ని. ప్లేటు మీద రాత్రంతా పెరిగాక గులాబీ రంగులో, బంకగా, మెరుస్తూ ఉంటుంది, కొన్నింటిని తీగతో తాకి పైకి లేపితే బెల్లం తీగపాకం సాగినట్టు సాగుతుంది. అందంగా ఉంటుంది నిజానికి. మా టెక్నీషియన్ "మేడం, లడ్డూ పాకం వచ్చింది" అనేవాడు. ఇక మందుల పరీక్ష అంటే, క్రిమిని ప్లేటంతా పూసి, దాని మీద మందు పూసిన చిన్న కాగితం బిళ్లలు పెట్టి, రాత్రంతా వెచ్చగా ఉంచుతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగక గుండ్రంగా ఖాళీ జాగా కనిపిస్తుంది, ముగ్గులో చుక్క చుట్టూ గీసినట్టు. పనిచేయకపోతే బిళ్ల అంచు దాకా క్రిమి పాకేస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్లేటు నిండా ముగ్గులే కనిపించేవి. రిటైరయ్యే నాటికి చాలా ప్లేట్లు నున్నగా అలికిన వాకిలిలా ఉండేవి. చూసి చూసి కడుపులో దేవేది. కల్చర్‌కు మూడు రోజులెందుకు అని మీరు ల్యాబువాళ్ల మీద అరుస్తారు కదా, ఇందుకే. పెరగడానికి ఒక రాత్రి, బిళ్లలకు ఇంకో రాత్రి, అవి మన కోసం తొందరపడవు.

ఈ మొండితనం ఎక్కడి నుంచి వచ్చింది? వరి పెట్టే వాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లున్నారు. కలుపు మందు ఒకటే రకం ఏటా కొడితే ఏమవుతుంది? మెత్తని కలుపంతా చచ్చి తుంగ మిగులుతుంది. మిగిలిన తుంగకు ఇప్పుడు పొలమంతా తనదే. మనం జలుబుకు వేసుకున్న అజిత్రోమైసిన్ ముక్కు దగ్గర ఆగదు, మోషన్స్‌కు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఓఫ్లాక్సాసిన్ పని చూసుకొని తిరిగి రాదు, పేగంతా దున్నుతుంది. మంచి బ్యాక్టీరియా చస్తాయి. అవి ఉన్నన్నాళ్లు కొత్తవాళ్లకు జాగా ఇవ్వవు, తిండి ఇవ్వవు, అదే మనకు కాపలా. కాపలా పోయాక ఆస్పత్రిలో నర్సు చేతి మీదనో, మంచం కడ్డీ మీదనో, మన చేతి మీదనో వచ్చిన మొండి క్రిమికి ఖాళీ పొలం దొరుకుతుంది.

ఇంకో సంగతి ఉంది, దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం, కొంచెం మెచ్చుకోలు కూడా. బ్యాక్టీరియా తన మొండితనాన్ని పిల్లలకే కాదు, పక్కవాడికి కూడా ఇస్తుంది. ప్లాస్మిడ్ అని చిన్న డీఎన్ఏ రింగు ఉంటుంది. పదో తరగతి పరీక్షలో ఒకడి దగ్గరున్న చిట్టీ బెంచీ బెంచీ మారినట్టు ఆ రింగు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో బ్యాక్టీరియాకు పోతుంది, అదీ వేరే జాతికి కూడా. ఇక్కడ రిటైర్డ్ టీచర్లు చాలామంది ఉన్నారు, చిట్టీలు ఎలా పోతాయో నాకంటే మీకే బాగా తెలుసు. (నవ్వులు) ఒకే చిట్టీలో నాలుగైదు మందుల జవాబులుంటాయి. పరీక్ష హాలు మాత్రం మన పెద్దపేగే, ఇంత రద్దీ ఇంకెక్కడా ఉండదు.

దీనికి సాక్ష్యం కావాలా? స్వీడన్‌లో ఉండే భారత సంతతి పెద్దాయన ఒకరు, వయసు 59, ఇండియాకు వచ్చి ఇక్కడి ఆస్పత్రుల్లో చికిత్స చేయించుకొని 2008లో తిరిగి వెళ్లాడు. అక్కడ ఆయన మూత్రంలో క్లెబ్సియెల్లా పెరిగింది, కార్బపెనెమ్ మందులకు లొంగలేదు. దాంట్లో కొత్త జన్యువు దొరికింది, దానికే తర్వాత ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు, ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. ఆ పేరు మీద మనవాళ్లు పెద్ద గొడవ చేశారు, నాకైతే ఆ గొడవకు పెట్టిన ఓపిక ఆస్పత్రుల్లో సబ్బులకు పెట్టి ఉంటే బాగుండేది అనిపించింది. అందరూ పేరు గురించి మాట్లాడారు గానీ ఆ రిపోర్టులో అసలు విశేషం వేరే. ఆయన దొడ్డికి పరీక్ష చేస్తే అందులో ఈ-కోలై అనే ఇంకో బ్యాక్టీరియా దొరికింది, అదీ అదే జన్యువుతో. క్లెబ్సియెల్లా వేరు, ఈ-కోలై వేరు. ఆయన కడుపులోనే చిట్టీ చేతులు మారిందన్నమాట.

మరి ఇది మన దగ్గర ఎంత ఉంది? ఐసీఎంఆర్, అంటే కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ వాళ్లు పెద్దాస్పత్రుల నుంచి ఏటా లెక్కలు తీస్తారు. క్లెబ్సియెల్లా మీద ఇమిపెనెమ్ అనే కార్బపెనెమ్ మందు 2016లో 65 శాతం నమూనాల్లో పనిచేసింది, 2020కి 45 శాతం, 2021కి 43. అయిదేళ్లు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇమిపెనెమ్ ఎదురుగా ఆర్ రాయాల్సి వస్తే ప్లేటు మళ్లీ పెట్టి చూసేదాన్ని, నా తప్పేమోనని. ఇంకోటి, 2025 నవంబరులో లాన్సెట్ వాళ్ల వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, మన హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రి డాక్టర్లు అందులో ఉన్నారు. నాలుగు దేశాల్లో, పిత్తనాళం కోసం ఎండోస్కోపీకి వచ్చిన 1,200 మందికి పైగా రోగుల్ని చూశారు, ఒంట్లో మొండి బ్యాక్టీరియా తిష్ట వేసి ఉందా అని. నెదర్లాండ్స్‌లో 10.8 శాతం మందికి ఉంది, అమెరికాలో 20 శాతం, ఇటలీలో 31.5. మన దగ్గర 83. వీళ్లు ఆస్పత్రికి వచ్చిన రోగులు, ఊళ్లో జనమంతా కాదు, అది గుర్తుపెట్టుకోండి, వాట్సాప్‌లో "83 శాతం భారతీయులు" అని తిరిగింది, అది తప్పు. కానీ వీళ్లు ఆస్పత్రిలో చాలా రోజులుండి తెచ్చుకున్నది మాత్రమే కాదు, చాలామంది ఇంటి దగ్గరి నుంచే మోసుకొచ్చారు.

ఇంటి దగ్గర ఎక్కడిది అంటే, డచ్చివాళ్ల కథ ఒకటి చెప్పాలి. విదేశాలకు తిరగడానికి వెళ్లే డచ్చి పర్యాటకులకు వెళ్లేముందు, వచ్చిన తర్వాత దొడ్డికి పరీక్ష చేశారు, 2017లో అచ్చయింది. దక్షిణాసియా, అంటే మన వైపు వచ్చి పోయినవాళ్లలో, నూటికి 75 మంది పేగుల్లో ఈఎస్‌బీఎల్ అనే మొండి బ్యాక్టీరియాను కొత్తగా వెంట తీసుకుపోయారు. వాళ్లు ఐసీయూలో పడుకోలేదు, గుళ్లూ కోటలూ చూసి పోయారు, అంతే. సగం మందికి నెల రోజుల్లో పోయింది, నూటికి 11 మందికి ఏడాది తర్వాత కూడా ఉంది. ప్రయాణంలో మోషన్స్ అయి యాంటీబయాటిక్ మింగినవాళ్లు ఎక్కువగా తెచ్చుకున్నారు. వచ్చీపోయేవాళ్లకే ఇట్లుంటే ఇక్కడే పుట్టి ఇక్కడి నీళ్లే తాగే మన సంగతి ఏమిటి?

నీళ్లంటే మూసీ గుర్తొస్తుంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు రాశారు, మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. హైదరాబాద్ ఆస్పత్రుల, ఇళ్ల మురుగంతా మోసుకొని మూసీ మన జిల్లా మీదుగానే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా మనది, నీళ్ల బాధ ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. దీని గురించి మాట్లాడితే సాయంత్రమవుతుంది, వదిలేస్తున్నా.

ముసలివాళ్లకే ఎక్కువ ఎందుకు? కారణాలు చూస్తే మా అత్తమ్మ ఫైలే కనిపిస్తుంది. వయసు పెరిగితే పేగులో రకరకాల బ్యాక్టీరియా తగ్గుతాయి, కాపలా పలుచబడుతుంది. షుగరు, కిడ్నీ, పక్షవాతం, ఏదో ఒకదానికి ఏడాదిలో ఒకట్రెండుసార్లు ఆస్పత్రి తప్పదు, పోయిన ప్రతిసారీ యాంటీబయాటిక్ పడుతుంది. ఇక గ్యాస్ గోలీ. ఈ హాల్లో పొద్దున పరగడుపున పాంటోప్రజోల్ వేసుకొని వచ్చినవాళ్లు ఎంతమంది? అబ్బో. చేతులు దించండి. కడుపులో యాసిడ్ నోటి నుంచి వచ్చే క్రిములను చంపే మొదటి గేటు, ఏళ్ల తరబడి ఆ గేటు తెరిచి పెడుతున్నాం. కొందరికి అది నిజంగా అవసరం, అల్సర్ ఉన్నవాళ్లు, రక్తం పలుచన మందులు వాడేవాళ్లు నా మాట విని ఆపేయకండి, మీ డాక్టరును అడగండి. ఎవరో అయిదేళ్ల కింద పది రోజులకు రాసిచ్చింది ఇంకా మింగుతున్నవాళ్ల గురించి నా బాధ.

2024 సెప్టెంబరులో లాన్సెట్‌లోనే ప్రపంచం మొత్తం లెక్క వచ్చింది. 1990 నుంచి 2021 మధ్య, మందులకు లొంగని క్రిముల వల్ల అయిదేళ్లలోపు పిల్లల చావులు సగానికి పైగా తగ్గాయి, టీకాలు, శుభ్రత వల్ల. 70 దాటిన వాళ్లలో అవే చావులు 80 శాతానికి పైగా పెరిగాయి. పిల్లల్ని కాపాడుకోవడం నేర్చుకున్నాం, పెద్దల దగ్గరికి వచ్చేసరికి "వయసైపోయింది, ఏదో ఒకటి వస్తది" అని వదిలేస్తున్నాం. అట్లా పోయినవాళ్ల సర్టిఫికెట్‌లో గుండె ఆగింది అని రాస్తారు, గుండె అందరికీ ఆగుతుంది, గుండె డాక్టరు గారు ఏమనుకోవద్దు.

ఇంకో క్రిమి గురించి రెండు ముక్కలు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలే, మేము సీ-డిఫ్ అంటాం. 1935లో కనిపెట్టినప్పుడు ల్యాబులో పెంచడం కష్టంగా ఉందని డిఫిసిలే అని పేరు పెట్టారు, అసలు కష్టం 1978 దాకా తెలియలేదు, యాంటీబయాటిక్స్ వాడాక వచ్చే పెద్ద విరేచనాలకు కారణం ఇదేనని అప్పుడు తేలింది. ముసలాయన న్యుమోనియా నుంచి కోలుకున్నాడు, వారం పది రోజులకు నీళ్ల విరేచనాలు మొదలు, రోజుకు ఏడెనిమిదిసార్లు, కడుపు నొప్పి, జ్వరం. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకొని విరేచనాలు కట్టే గోలీ ఇస్తారు, లేదంటే ఇంకో యాంటీబయాటిక్. రెండూ ప్రమాదమే. ఆస్పత్రి నుంచి వచ్చాక రెండు మూడు నెలల్లోపు ఇలా అయితే "ఫలానా యాంటీబయాటిక్స్ వాడారు" అని డాక్టరుకు చెప్పి పరీక్ష అడగండి. దీని విత్తనాలు, స్పోర్స్ అంటాం, మంచం మీద, కుళాయి మీద నెలల తరబడి బతుకుతాయి, చేతికి రాసుకునే శానిటైజర్‌తో చావవు. కరోనా వచ్చాక అందరికీ శానిటైజర్ మీద నమ్మకం కుదిరింది, ఇక్కడ మాత్రం సబ్బు, నీళ్లే దిక్కు.

దీని వైద్యం వింటే మీరు నమ్మరు. మాటిమాటికీ తిరగబెట్టే సీ-డిఫ్‌కు ఆరోగ్యవంతుడి దొడ్డికిని శుద్ధిచేసి రోగి పేగులోకి ఎక్కిస్తారు. (సభలో గోల) ఆగండి ఆగండి. నెదర్లాండ్స్‌లో చేసిన ట్రయల్ ఒకటి 2013లో అచ్చయింది, ఇలా ఎక్కించిన 16 మందిలో 13 మందికి ఒక్కసారికే తగ్గింది, వాంకోమైసిన్ మందు మాత్రమే ఇచ్చిన 13 మందిలో నలుగురికే తగ్గింది. తేడా అంత ఉండేసరికి ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. మందుతో చంపి చంపి విసిగి, చివరికి పొలంలో మళ్లీ నాట్లేసుకున్నట్టు. ఇది ఇంట్లో చేసుకునే పని కాదని మళ్లీ చెప్పాలా? యూట్యూబ్ ఉంది కాబట్టి చెబుతున్నా.

ఇంటికి వెళ్లి ఏం చేయాలి అని అడుగుతారు కదా. మా ఇంట్లో మేం చేసింది చెబుతాను. అత్తమ్మ ఫైలు కవరు మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో పెద్దక్షరాలతో రాశాను, ఫలానా తేదీ, ఫలానా ఆస్పత్రి, మొండి క్లెబ్సియెల్లా పేగులో ఉంది, పెన్సిలిన్ పడదు, కిడ్నీ క్రియాటినిన్ ఇంత. ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి పోయినా ఆ కవరు వెంట పోయింది. డిశ్చార్జ్ రోజు బిల్లు దగ్గర కొట్లాడే ఓపికలో పావు వంతు కల్చర్ రిపోర్టులు అడగడానికి పెట్టండి, అవన్నీ రాలేదంటే ఎప్పుడొస్తాయో అడిగి మళ్లీ పోయి తెచ్చుకోండి, చాలా రిపోర్టులు మనం ఇంటికొచ్చాకే వస్తాయి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు యూరిన్ పైపు ఇంకా అవసరమా సార్ అని రోజూ అడగండి, విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి, చాలాసార్లు పైపు తీయడం మర్చిపోతారు, అంతే.

మూత్రం సంగతి ఇంకొకటి. ముసలివాళ్లలో చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, మూత్రంలో బ్యాక్టీరియా ఊరికే ఉంటుంది, మంట లేదు, జ్వరం లేదు, ఏమీ లేదు. హెల్త్ ప్యాకేజీలో పరీక్ష చేయిస్తే రిపోర్టులో కనిపిస్తుంది, టెన్షన్ మొదలు, ఒక కోర్సు మందు. దానికి మందు అవసరం లేదు. ఆపరేషన్ ఏదైనా మూత్రనాళానికి చేసేటప్పుడు తప్ప. మేము ల్యాబులో రిపోర్టు ఇచ్చేటప్పుడే మనసులో అనుకునేవాళ్లం, ఈ కాగితం వల్ల ఈ ముసలామె పేగులో కాపలావాళ్లు కొంతమంది పోతారని.

మెడికల్ షాపు వాళ్లెవరైనా ఉన్నారా? ఉన్నా చెయ్యెత్తరు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్‌1 అని ఉంది, పెద్ద యాంటీబయాటిక్స్ డాక్టరు చిట్టీ లేకుండా అమ్మకూడదు, కొన్నవాళ్ల పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంటుంది, చూడండి. మనమే వెళ్లి "మొన్నటి గోలీలే రెండు ఇయ్యి భాయ్" అంటాం, ఆయనా ఇస్తాడు, ఆ రిజిస్టర్‌ను నేనైతే ఇప్పటిదాకా కళ్లజూడలేదు. ఆర్ఎంపీలను ఒక్కరినే తప్పుపట్టలేను, అర్ధరాత్రి దేవరకొండ తండాల్లో పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ గ్లూకోజ్ బాటిల్లో యాంటీబయాటిక్ సూది కలిపి "బలానికి" అని ఎక్కించడం మాత్రం ఆపాలి.

ప్రశ్నలు అడగండి, ఇక నేను ఆపుతాను.

(ఒక పెద్దమనిషి: మేడం, మా నాయినకు 84. పేగుల గట్ల ఉన్నదని హైదరాబాద్ల చెప్పిన్రు. మనవలు ఆయన పక్కలనే పండుకుంటరు. వేరు పెట్టాల్నా?)

వద్దు. ఎవరూ అట్లా చేయకండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఆయన పక్కన పడుకుంటే రోగం రాదు. కంచం వేరు, గ్లాసు వేరు అని పెట్టి ఆ వయసులో మనిషిని బాధపెట్టొద్దు. ఆ డచ్చి పర్యాటకుల ఇళ్లలో మిగతావాళ్లకు అంటుకునే అవకాశం నూటికి 12 అని తేలింది, అంటుకున్నా అది పేగులో తిష్ట వేయడమే, జబ్బు కాదు. డైపర్ మార్చిన చేతులు సబ్బుతో కడగాలి, గోళ్ల సందులతో సహా, ఆ చేత్తోనే పసిపిల్లకు పాలు కలపొద్దు. బాత్రూము వేరే ఉంటే మంచిది, లేకపోతే రోజూ బ్లీచింగ్ నీళ్లతో కడగండి. ఇంట్లో కీమోథెరపీ చేయించుకునేవాళ్లు ఉంటే మాత్రం డాక్టరుతో మాట్లాడండి.

(ఒక మహిళ: పెరుగు తింటే పోతదా అమ్మా? క్యాప్సూళ్లు కూడా ఇస్తున్నరు.)

పెరుగు తినండక్కా, మంచిదే, పెరుగు కాబట్టి తినండి. దాంతో మొండి క్లెబ్సియెల్లా పోతుందని రుజువు లేదు. క్యాప్సూళ్ల సంగతీ అంతే, ఐసీయూలో ఉన్నవాళ్లకు, ఒంట్లో శక్తి బాగా తగ్గినవాళ్లకు బతికున్న బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూళ్లు అరుదుగానైనా రక్తంలోకి పోయి కీడు చేస్తాయి కూడా. పేగులోంచి దాన్ని వెళ్లగొట్టడానికి మళ్లీ యాంటీబయాటిక్ వాడడం కూడా సరైన పని కాదు. ఎక్కువ మందికి నెలల్లో దానంతట అదే తగ్గుతుంది, మనం మధ్యలో అనవసరంగా ఇంకో యాంటీబయాటిక్ వేసి దానికి సాయం చేయకుండా ఉంటే చాలు.

(వెనక నుంచి: కోర్సు పూర్తిచేయాలంటరు, మీరేమో తక్కువ వాడాలంటున్నరు. ఏది నమ్మాలె?)

మంచి ప్రశ్న, నేను కూడా పాతకాలం మనిషినే, పూర్తి కోర్సు అని గోడల మీద రాయించినదాన్ని. మీ అంతట మీరు మధ్యలో ఆపొద్దు, ఆ మాట మారలేదు. మారిందేమిటంటే కోర్సు ఎన్ని రోజులు అనేది. మామూలు న్యుమోనియాకు పది రోజులు అనేది ఇప్పుడు బాగా కోలుకుంటున్న మనిషికి అయిదు రోజులు చాలంటున్నారు. ప్రతి అదనపు రోజూ పేగు మీద పడే భారమే. అందుకని "ఎన్ని రోజులు సార్, తగ్గించే వీలుందా" అని అడిగితే డాక్టరుకు కోపం రాకూడదు. టీబీ మందులు ఇందులోకి రావు, అవి నెలలు వాడాల్సిందే.

(ఇంకొకరు: కోళ్లకు కూడా వేస్తరట కదా?)

వేస్తారు. కొలిస్టిన్ అని, మా అత్తమ్మ రిపోర్టులో మిగిలిన రెండు ఎస్‌లలో ఒకటి అదే, మనుషులకు చివరాఖరి మందు. దానికి లొంగని జన్యువు చిట్టీలాగా ప్లాస్మిడ్ మీద తిరుగుతోందని 2015లో చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో చూసి బయటపెట్టారు. మన ప్రభుత్వం 2019 జులైలో కోళ్లు, పశువుల పెంపకంలో కొలిస్టిన్ నిషేధించింది. బాగా ఉడికిన కూరలో బ్యాక్టీరియా ఉండదు, చికెన్ కోసిన కత్తితో, చెక్క మీదనే ఉల్లిగడ్డ కోసుకొని నంజుకుంటాం చూడండి, అక్కడ ఉంటుంది.

(ముందు వరుస నుంచి ఒక పెద్దావిడ: మీ అత్తమ్మ ఎట్లున్నది బిడ్డా ఇప్పుడు?)

ఆ తర్వాత నాలుగేళ్లు బతికిందమ్మా. మళ్లీ రెండుసార్లు జ్వరం వచ్చింది, రెండుసార్లూ ఆ ఎర్రక్షరాల కవరు ముందు పోయింది, ఆమె వెనక పోయింది, మొదటి రోజే సరైన మందు పడింది. చివరికి ఇంట్లోనే, తన మంచం మీదనే, నిద్రలో పోయింది. ఫైలు ఇంకా బీరువాలోనే ఉంది, పారేయబుద్ధి కాలేదు.

ఇక భోజనాలకు లేవమంటున్నారు. పొద్దున వచ్చినప్పుడు చేతులు కడుక్కునే కాడ చూశాను, కుళాయిలు నాలుగున్నాయి, సబ్బు ఒక్కటీ లేదు. ఎవరైనా పిల్లవాణ్ణి పంపి రెండు సబ్బులు తెప్పించండి, అప్పటిదాకా నేను ఇక్కడి నుంచి లేవను.